లేపనీకి వచ్చిన మనిషి

చిల్కానగర్,
జూన్ 9.

నాకంటే పద్నాలుగు నెలలు చిన్నవాడైన హన్మయ్యకు,

మొన్న ఉప్పల్ మెట్రో మెట్ల కింద మన వాదన సగంలో ఆగిపోయింది. ఆపింది నీ తర్కం కాదు, నా చెవి మిషన్‌లో అయిపోయిన బ్యాటరీ. ఆ తర్వాత కూడా నువ్వు పది నిమిషాలు పెదవులు ఆడిస్తూనే ఉన్నావు. నేను తలూపుతుంటే గెలిచాననుకొని నాచారం ఆటో ఎక్కేశావు. ఫోన్లో నాకు సగమే వినబడుతుంది. మెసేజ్ పెడితే నువ్వు చదవవు. కనుక టైమాఫీసులో నీ సెలవు చీటీలు దిద్దిన ఈ చేత్తోనే ఉత్తరం రాసి నిన్ను ఓడించదలిచాను.

నా మాట మళ్ళీ చెబుతున్నాను. సీరియల్ కిల్లర్ అనే జాతి మన చిన్నప్పటి రాబందుల్లాగా కనుమరుగైంది. పూర్వం ఒకడు ఒక ఊళ్ళో చంపి, రైలెక్కి ఇంకో ఊళ్ళో దిగితే కొత్త మనిషైపోయేవాడు. ఇప్పుడు దిగిన స్టేషన్లో కెమెరా, ఎక్కిన ఆటోలో కెమెరా, జేబులో ఫోను. ఆ ఫోను వాడికంటే ముందే సాక్ష్యం చెబుతుంది. రాలిన వెంట్రుక ఒకటి చాలు, వాడి తాత పేరుతో సహా బయటపడుతుంది. మొదటి హత్యకే దొరికిపోయేవాడికి రెండోది చేసే తీరికేదీ? ఒక్క ఎపిసోడ్‌తో ఆగిపోయినదాన్ని టీవీలో అయినా సీరియల్ అంటారా?

మా పద్మావతి ఎన్‌క్లేవ్‌నే తీసుకో. నేను సెక్రటరీ అయ్యాక నలభై ఎనిమిది కెమెరాలు పెట్టించాను. గేటు దగ్గర ఒక మైకు. వచ్చినవాడు పేరు, ఏ ఫ్లాటు, ఏం పని అని తన నోటితో చెప్పాలి. మిషనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కమిటీకి పంపుతుంది. రోజూ వచ్చే నమ్మకస్తులకు పచ్చ గుర్తు. అనుమానస్తులకు ఎర్ర గుర్తు, సైరన్. దీనికి సహస్రాక్షి అని పేరు పెట్టింది కూడా నేనే.

మా చెల్లెలు కనకమహాలక్ష్మి కాకినాడ నుంచి నా దగ్గరికే వచ్చేసింది. ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. నాకు మిగిలిన రక్తసంబంధం ఇదొక్కటే. అది గుమ్మం లోపల నిశ్చింతగా పడుకుంటోందంటే అది సహస్రాక్షి దయ.

జవాబు రాయి. రాయలేకపోతే ఓడిపోయానని ఒక్క ముక్క రాసినా చాలు.

చలపతిరావు


నాచారం,
జూన్ 15.

పద్నాలుగు నెలల పెద్దరికం మోయలేక మోస్తున్న చలపతన్నకు,

ఉత్తరం అందింది. చిల్కానగర్ నుంచి నాచారానికి నడిస్తే గంట. పోస్టులో నాలుగు రోజులు పట్టింది. టెక్నాలజీ గురించి నా మొదటి జవాబు ఇదే కావచ్చు గాని, అంత చవకగా గెలవడం నాకు ఇష్టం లేదు.

ముందు ఒక మనవి. నాది పేపర్లు చదివి నేర్చుకున్న తెలుగు. రాసేటప్పుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంది. నీకు రాస్తున్నప్పుడైతే పై గుండీ కూడా పెట్టుకుంటుంది. నవ్వకు.

మన బల్బుల ఫ్యాక్టరీలో పంచింగ్ మిషన్ పెట్టిన రోజు గుర్తుందా? నువ్వు టైమాఫీసు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇవాళ్టితో దొంగ హాజరు ఖతం" అన్నావు. మిషన్ ఖటక్కుమని కొట్టాక ఇక అబద్ధానికి చోటు లేదన్నావు. ఆ సంవత్సరమంతా పొద్దున్నే పదకొండు మంది కార్డులు నేనొక్కణ్ణే కొట్టేవాణ్ణి. అందులో ఒకతను దుబాయిలో ఉండేవాడు. ఏడాదిలో ఒక్క నాగా లేదని అతనికి నువ్వు స్టీలు గ్లాసు బహుమానం ఇప్పించావు. ఆ గ్లాసులో నేను ఇప్పటికీ మజ్జిగ తాగుతున్నాను. మిషన్ కార్డును చూసిందన్నా, మనిషిని చూడలేదు.

ఇక సహస్రాక్షి. వెయ్యి కళ్ళ దేవుడికి ఆ కళ్ళు ఎట్లా వచ్చాయో మీ గుడి పంతులును ఒకసారి అడుగు. ఏదో ఘనకార్యానికి మెచ్చి ఇచ్చినవైతే కావు. ఎవరూ లేనప్పుడు అడుగు, పక్కన ఆడవాళ్ళుంటే ఆయన చెప్పడు.

హంతకులు కనబడటం లేదు గనక లేరంటున్నావు. మా లక్ష్మీనర్సమ్మ కూడా కళ్ళద్దాలు రాకముందు బియ్యంలో పురుగుల్లేవనే చెప్పేది. ఎంత ఆరోగ్యంగా తిన్నామో ఆ రోజుల్లో! దొరికినవాళ్ళను లెక్కపెట్టి జాతి అంతరించిందని తేల్చావు. దొరకనివాడు నీ లెక్కలోకి ఎట్లా వస్తాడు? వాడు మొహానికి గుడ్డ కట్టుకొని గోడ దూకుతాడనుకుంటున్నావా? నేనే గనక అటువంటివాణ్ణయితే రోజూ కెమెరా ముందు నిలబడి, తల దువ్వుకొని, నమస్తే పెట్టి లోపలికి పోతాను.

ఈ ఆరు నెలల్లో మీ ఎన్‌క్లేవ్‌కు మూడుసార్లు వచ్చాను, నిన్ను చూడటానికి కాదు. జనవరిలో మూడో అంతస్తు రామనాథం మాస్టారు, మార్చిలో గౌతమి వాళ్ళమ్మ సుగుణమ్మ, మొన్న కనకరాజు. ఫ్యాక్టరీ మూసేశాక నేను పట్టుకున్న పని నీకు తెలిసిందే. అపార్టుమెంట్లలో ప్రాణం పోతే ఏం చేయాలో తెలిసినవాళ్ళు లేరు. కంప్యూటర్ ముందు మహావీరులు, పాడెకు ముడి వేయమంటే యూట్యూబ్‌లో వెతుకుతారు. అందుకే నన్ను పిలుస్తారు. స్నానం చేయించి, పాడె కట్టి, ఇంట్లోంచి బయలుదేరదీస్తాను. మా వైపు దాన్ని 'లేపడం' అంటామని నలభై ఏళ్ళ కింద నీకు చెబితే, "చచ్చినవాణ్ణి లేపడమేమిటయ్యా" అని నవ్వావు. మీరు ఎత్తుతారు, మేము లేపుతాం. పోయేది మాత్రం ఒక్క చోటికే.

మూడుసార్లూ నీ మైకు ముందు పేరు, పని చెప్పే లోపలికి వచ్చాను. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, మీ వాళ్ళు బహు హుషారు. మామూలుగా నేను పోయి చెప్పేదాకా ఎవరికీ తోచదు గాని, మీ దగ్గర మూడు ఇండ్లల్లోనూ నేను వచ్చేసరికే దవడలకు గుడ్డ కట్టి ఉంది. చాలా గట్టిగా.

అన్నా, నీ సహస్రాక్షికి తలుపు అవతల కనబడుతుందా? ఊరికే అడిగాను.

హన్మయ్య


చిల్కానగర్,
జూలై 21.

హన్మయ్యకు,

జవాబు ఆలస్యమైంది. కమిటీ పనులు. తలుపు అవతల కనబడటం చట్టవిరుద్ధం.

వర్షాలకు మా మెట్లు జారుడుగా ఉన్నాయి. కొన్నాళ్ళు మా వైపు రాకపోవడం మంచిది. ఎవరు పిలిచినా రాకు. వయసులో ఎముక విరిగితే అతకదు.

దుబాయి అతని గ్లాసు సంగతి చదివాను. ఇన్నేళ్ళు నాకు చెప్పలేదు. నీ గురించి నాకు తెలియనివి ఇంకా ఉన్నాయన్నమాట.

కనకాన్ని చూసుకోవడానికి నర్సింగ్ కంపెనీ ద్వారా ఒక మనిషిని మాట్లాడుతున్నాను.

చలపతిరావు


నాచారం,
ఆగస్టు 12.

జారే మెట్ల మీద జాగ్రత్తగా ఉన్న చలపతన్నకు,

నువ్వు రావద్దన్నావు గనక రాలేదు. పోలీసులే మా ఇంటికి వచ్చారు. నేను సీరియల్ కిల్లర్నట. నీ వాదన ప్రకారం అంతరించిన జాతి గదా, నన్ను జూలో పెడతారేమో తెలియదు.

జరిగింది చెబుతాను. జీపు దిగి ఒక కానిస్టేబుల్, "హన్మయ్య ఎవరు?" అన్నాడు. లక్ష్మీనర్సమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. సంగతి విని అట్లకాడ పట్టుకొనే బయటికి వచ్చింది. "ఏందీ, గీయన మనుషుల్ని సంపిండా? కోడిని కొయ్యమంటెనే పక్కింటికి ఉరికెటోడు! ఏడేండ్ల సంది గోడ మీది బల్లిని కొట్టుమంటున్న, 'పోనీ తియ్, అది గూడ కిరాయికి ఉన్నది' అంటడు. గీయననా?" అని కడిగేసింది. నా ధైర్యం గురించి ఇంత మంచి మాట యాభై ఏళ్ళ కాపురంలో ఆమె నోటివెంట ఎప్పుడూ రాలేదు.

స్టేషన్లో ఎస్సై ఉపేందర్. జనగామ దిక్కు పిల్లవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేసి, "తాతా, ఇది నీ గొంతేనా?" అని ఏదో నొక్కాడు. నా గొంతే. "రామనాథం మాస్టర్ని లేపనీకి వచ్చిన." మళ్ళీ నొక్కాడు. "సుగుణమ్మను లేపనీకి వచ్చిన." మళ్ళీ. "కనకరాజును లేపాలె, జర జల్ది తియ్ గేటు, పదకొండుకల్ల ఖతం జెయ్యాలె."

మీ సహస్రాక్షి ఏ సినిమాలు చూసి తెలుగు నేర్చుకుందో గాని, లేపడమంటే పైకి పంపడమని రాసుకుంది. కాగితం మీద ఇంగ్లీషులో, ఫలానా ఫ్లాటులో ఫలానావారిని అంతం చేయుటకు వచ్చితిని అని మూడుసార్లు ఉందట. ముగ్గురూ పోయారు. మూడుసార్లూ నా మొహం, నా ఫోను అక్కడే ఉన్నాయి. ప్రాణం పోయిన రెండు గంటలకు వచ్చానన్న సంగతి మాత్రం ఏ కెమెరాకూ అవసరం రాలేదు.

ఉపేందర్ టేబులు మీద తల పెట్టి నవ్వాడు. "మా తాతను లేపినప్పుడు నేనే కుండ పట్టిన. గిది గూడ తెల్వదా వీళ్ళకు!" అన్నాడు. హమ్మయ్య, పోనిస్తావా అన్నాను. "ఎట్ల పోనిస్త తాతా? కంప్లయింట్ ఆన్‌లైన్ల ఎక్కింది. ఎక్కిచ్చుడే మా శేతుల ఉన్నది, దించుడు మిషన్ శేతుల ఉన్నది" అన్నాడు. ఫోను పరీక్షకు పోయింది. సోమవారం సోమవారం పోయి సంతకం పెట్టాలి. గుడికి పోనివాణ్ణి, ఈ వయసులో వారం పట్టించారు.

వచ్చేటప్పుడు నవ్వుతూనే ఇంకో మాటన్నాడు. "ఫికర్ జెయ్యకు. ముగ్గురు గూడ గుండె ఆగి పోయిన్రని డాక్టర్లు రాసిన్రు. మర్డర్ కాదు గనక నువ్వు బయట ఉన్నవ్. ఎవడన్న మర్డర్ అన్నడనుకో, ఫస్టు లోపలికి నువ్వే."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నవ్వు రావడం లేదు. నా దగ్గర ఒక సంగతి ఉంది. జనవరి నుంచి ఉంది. కాగితం మీద పెడితే నాకే ముప్పు గనక పెట్టను.

నాచారంలో నన్ను పిలవడం మానేశారు. మొన్న మా వెనక వీధిలో ఒక ముసలామె పోతే పాడెను అడ్డంగా కట్టారు. దూరం నుంచి చూసి వచ్చాను.

ఆ కంప్లయింట్ ఎవరిచ్చారో నీకేమైనా తెలుసా? సెక్రటరీవి గదా.

హన్మయ్య


చిల్కానగర్,
ఆగస్టు 19.

హన్మయ్యా,

కంప్లయింట్ మీద సంతకం నాది.

సాత్విక్ అని మా కమిటీలో సాఫ్ట్‌వేర్ మనిషి, ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఫొటోలో ఉన్నది నువ్వని తెలిసింది. లేపడం అంటే ఏమిటో తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. "అంకుల్, మిషన్‌కి ఎవరి మీదా పగ ఉండదు కదా" అన్నాడు. నిజమే అనిపించింది. నువ్వు పదకొండు కార్డులు కొట్టినవాడివి. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని టీ తాగితే మనిషి తెలిసినట్టా అనిపించింది. పెట్టేశాను. తర్వాత మెట్లు జారుతున్నాయని నీకు ఉత్తరం రాశాను.

క్షమించమని అడగను. కోపం తగ్గాక నువ్వే ఒక పెద్ద ఉత్తరంలో తిట్టు. సోమవారం నేనే స్టేషన్‌కి వచ్చి వెనక్కి తీసుకుంటానని రాసిస్తాను. ఎర్ర గుర్తు తీయించడం మాత్రం నా చేతిలో లేదట, కెమెరాల కంపెనీకి అర్జీ పెట్టాలి. అప్పటిదాకా నువ్వు గేటు దగ్గరికి వస్తే సైరన్ మోగుతుంది.

ఒక్క మంచి కబురు చెప్పి ముగిస్తాను. కనకానికి దొరికిన మనిషి బంగారం. పేరు వంశీకృష్ణ. నర్సింగ్ కంపెనీ యాప్‌లో అయిదుకు నాలుగు పాయింట్ తొమ్మిది నక్షత్రాలు. మా ఎన్‌క్లేవ్‌కు కొత్తవాడు కాదు. రామనాథం మాస్టారినీ, సుగుణమ్మగారినీ, కనకరాజుగారినీ చివరిదాకా చూసుకున్నది ఇతనే. ప్రాణం పోయాక ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ కూర్చుంటే, దవడకు గుడ్డ కట్టడంతో సహా అన్నీ తనే చేశాడట. సహస్రాక్షి ఇతనికి శాశ్వత పచ్చ గుర్తు ఇచ్చింది.

కనకం మాత్రం రెండు రోజులుగా చిరాకుగా ఉంది. ఎడమచేత్తో మాటిమాటికీ నోటివైపు చూపిస్తోంది. దాహమనుకొని నీళ్ళు పడుతున్నాను. తాగదు. నన్నే చూస్తుంది.

చలపతిరావు


నాచారం,
ఆగస్టు 22, పొద్దున ఎనిమిది.

అన్నా,

ఇస్త్రీ చొక్కాకు టైం లేదు. నా భాషల్నే రాస్తున్న.

నిలవడి సదువకు. పోయి మీ చెల్లె మంచం మీద కూసో. కూసున్నంక సదువు.

మీ కాడ నేను లేపిన ముగ్గురికి దవడలు కట్టి ఉండె అని రాసిన గదా. నోట్ల తులసాకు పెట్టనీకి ఆ గుడ్డ ఇప్పి పెదవి తెరిస్తె, లోపలి దిక్కు పండ్లు దిగి చీరుకపోయి ఉండె. మాస్టర్‌కు సూసి కట్టుడు పండ్లు గుచ్చుకున్నయేమో అనుకున్న. సుగుణమ్మయి సొంత పండ్లు. కనకరాజుకు సూసినంక ఇంక అనుకునేటందుకు ఏం మిగల్లే. మూతి మీద మెత్త, గదే దిండు, పెట్టి ఒత్తితెనే గట్ల అయితది. ముగ్గురి కాడ గా పోరడు పక్కనే నిలవడి, "తాతా, నోరు తెరవకు, పాపం ప్రశాంతంగ పోయిన్రు" అన్నడు. ఎవ్వరని నాకు నీ ఉత్తరం సదివినంక తెలిసింది.

నేను జనవరి సంది చెప్పలే. ఎవ్వరు నమ్ముతరు అనుకున్న. ఎస్సై మాట ఇన్నంక పానం మీద తీపయింది. వాళ్ళ దవడలు వాడు కట్టిండు, నా దవడ నేనే కట్టుకున్న.

మీ చెల్లె సూపిచ్చేది దూప కాదన్నా.

నీ గేటు నన్ను రానియ్యది. ఫోన్ లేదు, ఉన్నా నీకు ఇనవడది. తారామణి మా గల్లీ మనిషి, మీ పక్క ఫ్లాటుల వంట జేస్తది, పచ్చ గుర్తున్నది. ఆమెకిస్తున్న. నేను సీద స్టేషన్‌కు పోయి మూడు మర్డర్లే అని చెప్త. నన్ను లోపటేస్తె ఏసుకోని. నువ్వు మంచం మీదికెల్లి లేవకు.

హన్మయ్య


చిల్కానగర్,
ఆగస్టు 25.

హన్మయ్యకు,

కనకం మంచం మీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకొని రాస్తున్నాను. అక్షరాలు నువ్వు రాసినట్టు ఉంటే సర్దుకో.

తొమ్మిదింటికి తారామణి వచ్చింది. కాగితం నా చేతిలో పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది. వెళ్ళమన్నాను. "హన్మయ్య మామ ఒట్టు ఏయించుకున్నడు సార్. మీరు సదివేదాంక నేను కదల" అని నాకు వినబడేట్టు అరిచింది. నువ్వు రాసిన వరసలో చేయలేదు. నిలబడే చదివాను. మొదట కోపం వచ్చింది, నా మీద కక్షతో రాశావనుకున్నాను. నీళ్ళు తాగక నన్నే చూసే కనకం చూపు గుర్తొచ్చాక కాళ్ళు వాటంతటవే నడిచాయి.

వంశీకృష్ణ దిండుకు కొత్త గలీబు తొడుగుతున్నాడు. నేను మంచం మీద కూర్చుని చెంచా, టార్చి పట్టుకొని, "అమ్మా కనకం, నోరు తెరువు" అన్నాను. అది తెరిచింది. చిన్నపిల్ల తెరిచినట్టు వెంటనే తెరిచింది. కింది పెదవి లోపల రెండు పళ్ళ గాట్లు, నల్లగా అట్టకట్టి. అంతకు ముందు ఆదివారం నేను మందుల కోసం ఉప్పల్ వెళ్ళాను, చెవి మిషన్ మరిచిపోయి మధ్యలోనే తిరిగొచ్చాను. ఆ మరుపే దాన్ని బతికించింది. దాని కళ్ళు నా కళ్ళల్లోనే ఉన్నాయి. "ఇప్పటికా అన్నయ్యా" అన్నాయి.

"ఏం చేస్తున్నారు సార్, నేను చూసుకుంటాను కదా" అన్నాడతను. పెదవులు చదివాను. నవ్వుతూనే ఉన్నాడు. నేను మంచం దిగలేదు. తారామణి గుమ్మానికి అడ్డంగా నిలబడి, పక్కనున్న రోకలి అందుకొని, "నువ్వు జర గా మూలకు నిలవడు బాబూ. మంచిగ సూసుకున్నవ్ తియ్" అంది.

ఎంతసేపైందో తెలియదు. సైరన్ మోగింది. నాకే వినబడిందంటే ఎంత గట్టిగా మోగిందో ఊహించుకో. నువ్వు పోలీసు జీపులో వచ్చావు గదా, నిన్ను చూసి మోగింది. ఆ పక్కనే సహస్రాక్షి తెర మీద లోపలున్న వంశీకృష్ణ ఫొటో, పచ్చ గుర్తుతో మెరుస్తూ ఉందట.

అతను పోలీసులతో, "ఆమె బాధ చూడలేకపోయాను సార్" అన్నాడు. మిగతా ముగ్గురి మాటెత్తితే నోరు విప్పడం లేదట.

సెక్రటరీ పదవికి రాజీనామా ఇచ్చాను. కనకం పక్కనుంచి లేవడం లేదు. నేను కునుకు తీస్తే ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుంటోంది.

చలపతిరావు


నాచారం,
అక్టోబర్ 17.

గెలిచిన చలపతన్నకు,

అవును, నువ్వే గెలిచావు. ఉపేందర్ పిలిచి చెప్పాడు. వంశీకృష్ణ మీద ఒక్క హత్యాయత్నం కేసే నిలుస్తుందట. మిగతా ముగ్గురివీ గుండె ఆగిన మరణాలేనని సర్టిఫికెట్లు ఉన్నాయి. దహనాలు అయిపోయాయి. బూడిదకు పెదవులు ఉండవు. "నీ మాట రాసుకున్న తాతా. కోర్టుల అది ఎంత దూరం నడుస్తదో జెప్పలేను" అన్నాడు. కాబట్టి రికార్డు ప్రకారం అతను ఒకర్ని చంపబోయాడు, అదీ కుదరలేదు. సీరియల్ కిల్లర్ అనే మాటకు ఆధారమే లేదు. జాతి అంతరించిందన్నా, సంతోషించు. పేపర్లో, అధునాతన కెమెరాల సాయంతో నిందితుడు పట్టుబడ్డాడని కూడా రాశారు. తారామణి రోకలి గురించి ఒక్క ముక్క లేదు. రోకలికి కంపెనీ లేదు గదా.

ఇక వెక్కిరింత చాలు. నిన్న నేను చేసిన పని నీకు చెప్పాలి.

కోర్టు నా మాట వింటుందో వినదో. వినాల్సిన వాళ్ళు ఆ ముగ్గురి ఇండ్లల్లో ఉన్నారు. మొదట సుగుణమ్మ బిడ్డ గౌతమి దగ్గరికి పోయాను. తల్లి పోయాక ఆ ఫ్లాటు ఖాళీ చేసి ఘట్‌కేసర్‌లో ఉంటోంది, కాలేజీలో పాఠాలు చెబుతుంది. నువ్వు వస్తానన్నావు గాని కనకమ్మను వదిలి రావద్దని నేనే అన్నాను. బస్సులో పోతూ దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలో నేర్చుకున్నాను. పిట్టకథలు చెప్పేవాడికి అసలు కథ నోటికి రాదని అప్పుడు తెలిసింది.

ఆమె టీ పెట్టింది. పేపర్లో చూసిందట. "మా అమ్మ గుండెతోనే పోయింది గదా మామా? గా పిల్లగాడు మంచిగనే సూసుకున్నడు. పోయిన నాడు నాకంటె ఎక్కువ ఏడ్చిండు" అంది. నన్ను కాదనమని అడుగుతోంది, అవుననమని కూడా అడుగుతోంది. చెప్పేశాను. గుడ్డ, పెదవి, పళ్ళు. నాకు ముందే అనుమానం వచ్చిందని కూడా చెప్పాను.

టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. తర్వాత, "మార్చిలనే సూసినవ్ గదా. మార్చిలనే ఎందుకు చెప్పలే?" అంది.

నీకు తెలుసు, నా దగ్గర దేనికైనా ఒక జవాబు ఉంటుంది. దానికి తోకగా ఒక కథ కూడా ఉంటుంది. నిన్న లేకుండె. భయపడ్డాను అన్నాను. అంతే.

"నువ్వు మార్చిల చెప్తె కనకరాజు తాత ఉండెటోడు" అంది. అవునన్నాను. అన్నా, నువ్వు సంతకం పెట్టినందుకు నిన్ను తిట్టాలని ఒక పెద్ద ఉత్తరం బాకీ ఉంది. దాన్ని నేను రాయను. నాకు ఆ అర్హత లేదు.

లేచి చెప్పులు వేసుకుంటుంటే వాకిట్లోకి వచ్చింది. "మామా, ఒక్కటి చెప్పు. పెదవి గట్ల చీరుకపోయిందంటే... మా అమ్మ నిద్రలనే పోయిందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నిద్రలోనే అంటే ఆమెకు నిద్ర పడుతుందేమో. కాని ఇప్పటికే ఒకసారి నోరు మూసుకున్నవాణ్ణి.

"లేదు బిడ్డా. కొట్లాడింది. పండ్లు దిగేదాంక కొట్లాడింది. ఊకనే పోలె" అన్నాను.

గౌతమి గోడ పట్టుకుంది. "మా అమ్మ గంతే" అంది, "ఎవ్వరికి ఊకె లొంగది." ఆ తర్వాత వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో, తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పులు చేత్తో పట్టుకొని మెట్లు దిగాను.

రేపు రామనాథం మాస్టారి కొడుకు దగ్గరికి పోతున్నాను.

హన్మయ్య